గట్టు దాటిన పేరు

కోటిమంది పాడుకునే పాటకు నేను తండ్రిని. గొప్పకు చెప్పడం లేదు, కావాలంటే ఆదోని పత్తి మార్కెట్టులో బోరాలు మోసే హమాలీని అడగండి. ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్లో ఆటో తోలే పిల్లోణ్ణి అడగండి. ‘ఎనకసాల నాగమ్మా’ అని మీరు సగం అనేలోపల మిగతా సగం వాళ్ళు అందుకుంటారు, భుజం కూడా ఊపుతారు. మంత్రాలయం పోయే బస్సులో మడిపంచె కట్టుకున్న ఒక పెద్దాయన సెల్లు మోగితే ఇదే పాట వచ్చింది. మనవడు పెట్టిపోయినాడంట, ఆయనకు తీసేయడం రాలేదంట. బస్సు దిగేదాకా ఆయనకు ఫోన్లు వస్తానే ఉండినాయి, మేమంతా వింటానే ఉండినాము.

అంత పాట ఈ ఈరప్ప నోట్లోంచి వచ్చింది. ఐదో తరగతితో బడి చాలించిన నోరు ఇది.

పోయినవారం సంచికను చదవకుండానే బజ్జీల పొట్లానికి ఇచ్చేసినవాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. హైదరాబాదునుంచి దినేష్ అనే పిల్లోడు, చెవులకు పెట్టుకునేది మెడకు తగిలించుకోని, పాతపాటలు ఏరుకోవడానికి ఎమ్మిగనూరు వచ్చినాడు. బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని బజ్జీ ప్లేటు నా ముందర పెట్టి పాడమన్నాడు. పాడినాను. ఆ పిల్లోడు దానికి డప్పులూ ఈలలూ ఒక ఆడపిల్ల గొంతూ చేర్చి యూట్యూబులో వదిలితే, ఈ ఎండాకాలం పెళ్ళిళ్ళలో ఆ పాట లేకుండా ఒక్క ఊరేగింపూ కదల్లేదు. పాటలో ఉన్న నాగమ్మ ఉత్త పేరు కాదు. మా ఊళ్ళోనే, మా వీధికి అవతలి వీధిలో ఉంది. ఎనభై ఏండ్ల మనిషి. ఆమె మొగుడు జయరాజన్న ఆదివారం చర్చిలో వాక్యం చదివే పెద్దాయన. పాట రెండో చరణం విన్ననాటినుంచి నులకమంచం ఎత్తుకోనిపోయి చర్చి వసారాలో వేసుకున్నాడు. నాగమ్మ వండిన సంగటి ముట్టడం లేదు. ఆ చరణం కట్టింది ఎవరో ఆ మొగుడూపెండ్లాలకు తెలీదు. నాకు తెలుసు, మీకు తెలుసు. పోయినవారం చివర్లో వాళ్ళ మనవరాలు అశ్విని మా గడప కాడ నిలబడి, “తాతా, మా అవ్వ నిన్ను రమ్మంటాంది, ఇప్పుడే” అనింది. అక్కడ ఆపినాము.

పోయినాను. పోకుండా ఉండే దారి ఏమన్నా దొరుకుతుందేమోనని చెప్పులు కనబడలేదని చాలాసేపు వెతికినాను. అశ్విని నా కాళ్ళవైపు చూసింది. రెండూ కాళ్ళకే ఉండినాయి.

నాగమ్మక్క నడవలో కూచోని విత్తనానికి బుడ్డలు ఒలుస్తాంది. శెనక్కాయలను మేము బుడ్డలంటాము. పక్కన గంప, ముందర కుప్ప. పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. వాకిట్లో ఎండ చూస్తే కండ్లు మూతపడతాయి, లోపల మాత్రం చల్లగా, నిమ్మళంగా ఉంది. ఆ నిమ్మళమే నాకు నచ్చలేదు. తిట్టే మనిషి ముందర కూచోవడం నాకు చిన్నప్పటినుంచి అలవాటు. తిట్టని మనిషి ముందర ఎట్లా కూచోవాలో నాకు ఎవరూ నేర్పలేదు.

“రా ఈరా. కూసో. ఉత్తసేతుల్తో కూసోవద్దు, ఒలుస్తా మాట్లాడు.”

కూచున్నాను. నాలుగు బుడ్డలు చిదిమి, ఐదోదాని గింజలు అలవాటుకొద్దీ నోట్లో వేసుకున్నాను.

“విత్తనం అది. తినేదానికి కాదు.”

“పుచ్చు ఉందేమో చూస్తాండా అక్కా.”

“నీ నోట్లో పోయినంక పుచ్చుదైనా మంచిదైనా ఒకటే.” ఆమె నవ్వలేదు. “నీకు బస్టాండులో అందరూ తెలుసు. ఆ మైకు పిల్లోడు కూడా తెలుసంట. నా పేరు వానికి ఎవురిచ్చినారో కనుక్కోని రా. అందుకే పిలిపిచ్చినా.”

చూసినారా. దొంగను పిలిచి దొంగను పట్టుకోని రమ్మనింది. నేను అప్పుడే ఒప్పుకోని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయి ఉండేది, పత్రికవాళ్ళు నన్ను శుక్రవారం శుక్రవారం ఫోను చేసి సతాయించే పనీ ఉండేది కాదు. కానీ నా నోటికి ఒక రోగం ఉంది. ఎదుటి మనిషి ఒక ప్రశ్న అడిగితే, నిజం లేచి కట్టుపంచె సవరించుకునేలోపల అబద్ధం పోయి బస్సెక్కి కూచుంటుంది.

“కనుక్కున్నా అక్కా,” అన్నాను. “కౌతాళం దిక్కు కాలువగట్టు మీద ఒక ముసల్ది ఉంది. కన్నడం మనిషి. చేలో పాట ఎత్తే మన రామమ్మకు చెల్లెలి వరస. ఆమె పాట ఎత్తితే కాలువలో నీళ్ళు ఎదురు పారుతాయంట. దినేష్ పోయి ఆమె కాడ తీసుకున్నాడు.”

“రామమ్మకు చెల్లెలు లేదు.”

“వరసకు.”

“వరసకూ లేదు. కన్నడం మనిషికి నా పేరు ఎవురు సెప్పినారు?”

“గాలికి పోయిందేమో అక్కా. పాట గాలి కదా.”

నాగమ్మక్క నా మొహం చూసింది. తరవాత కుప్పలోంచి ఒలవని బుడ్డలు కొన్ని ఏరి, ఒక్కొక్కటే మా ఇద్దరి నడుమ నేలమీద పెట్టడం మొదలుపెట్టింది.

అవి ఎందుకో చెప్పేముందర ఆ పాట సంగతి మీకు సరిగ్గా చెప్పాలి. మొదట్లో నేను దానికి తండ్రిని అన్నాను కదా, అది కొట్టేయండి. ఆ పాటకు తండ్రి లేడు. అందరూ తల్లులే. మా ఊరి చేలల్లో పత్తి తీసే ఆడోళ్ళు ఎప్పటిదో తెలియని కాలంనుంచి పాడుతాండిరి. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తా, మళ్ళీ మొహమాటం అడ్డం వస్తుంది. హోటల్లో నేను పాడుతుంటే హోటలాయన టీవీ పెద్దది చేసినాడు. దినేష్ పాట తీసుకున్నాడే కానీ నా గొంతు తీసుకోలేదు. ఆ ఆడపిల్ల గొంతు యాడిదో నాకు తెలీదు.

నేను చిన్నప్పుడు మా అమ్మ వెంబడి చేనికి పోయేవాణ్ణి. పత్తి తీసేవాళ్ళకు కడవతో నీళ్ళు అందించడం నా పని. ఆ ఏడు పత్తి ఎంత విరగగాసిందంటే, అమావాస్యనాడు కూడా మా పొలం మీద వెన్నెల ఉండేది, కొంగలు వచ్చి తమ చుట్టాలనుకోని వాలేవి. పొద్దున్నే ఆడోళ్ళందరూ తలా ఒక సాలు పట్టుకోని, నడుముకు ఒడి కట్టుకోని వరసగా కదిలేవాళ్ళు. పాట ఎత్తేది రామమ్మ. రామమ్మ గొంతు లేస్తే ఆదోని మిల్లు సైరను సిగ్గుపడి ఆగిపోయేది. ఆమె ఎత్తితే మిగతావాళ్ళు అందుకునేది. పాట అంతా ఒక్కటే ఎగతాళి, ఎవరి సాలు వెనకబడితే వాళ్ళ పేరు అందులో పడుతుంది.

ఎనకసాల సుంకమ్మా, ఏం దోచె సుంకమ్మా
తెల్లపత్తి ఒడినిండ, తెలివి యాడ సుంకమ్మా

అనేసరికి సుంకమ్మకు రోషం వచ్చి, రెండు చేతులా దూసుకుంటా ముందరికి వస్తుంది. అప్పుడు లింగమ్మ వెనకబడుతుంది, పాటలో లింగమ్మ పడుతుంది. మేస్త్రీ అరవాల్సిన పని లేదు. పాటే తోలుతుంది మనుషుల్ని. పేరు పడినామె మొగుణ్ణి, అత్తను, నిద్రను, అన్నింటినీ కలిపి ఆడిపోసుకుంటారు. యాడ లేని మాటలూ వస్తాయి. చేలో ఎవరూ తప్పు పట్టుకోరు.

ఎందుకంటే గట్టు ఉంది. పొద్దుగూకినాక అందరూ చేను దాటి గట్టు మీద నిలబడతారు. పాట ఎత్తినామె కొంగు తీసి గట్టిగా దులుపుతుంది. పత్తి నలుసులు పోవడానికి అనుకునేరు, కాదు. పేరు దింపడానికి. దులిపి, పాటను ఒక్కసారి పేరు లేకుండా పాడుతుంది, ‘ఎనకసాల చిలకమ్మా’ అని. అంతే. ఆనాటి పేరు చేలోనే ఉండిపోయింది. ఊళ్ళో, పెళ్ళిలో, విసుర్రాయి కాడ ఎవరు ఆ పాట పాడుకున్నా చిలకమ్మే. కొత్తకోడలి పేరు అత్త చెవిన పడదు. కూలి దొరకని ఏండ్లు చూసినా, వాన రాని ఏండ్లు చూసినా, గట్టు కాడ కొంగు దులపని సాయంత్రం నేను చూడలేదు.

ఇప్పుడు నాగమ్మక్క నేలమీద పెట్టిన బుడ్డల కాడికి వద్దాం.

“ఇది రామమ్మ,” అని ఒకదాన్ని ముందరికి జరిపింది. చిదిమింది, గింజలు గంపలో వేసింది. “పాయ. ఇది సుంకమ్మ. పాయ. ఇది లింగమ్మ, కొడుకు కాడికి బళ్ళారి పోయి ఆడనే పాయ. ఇది ఉసేనమ్మ.” చిటుక్కుమనింది. “ఇది మీ అమ్మ.”

మా అమ్మ బుడ్డను ఆమె చిదమలేదు. నా చేతిలో పెట్టింది. నేనే చిదిమినాను. గంపలో వేసినాను, ఈసారి తినలేదు.

“నా పేరు పాటలో పడంగ విన్నోళ్ళు వీళ్ళే. నేను ఒకదాన్ని ఉండా. నేనైతే సెప్పలేదు.” నేలమీద ఇంక ఒకే ఒక బుడ్డ మిగిలింది. చిన్నది, ఒంటిగింజది. ఆమె దాన్ని వేలితో నెట్టి నా మోకాటి కాడ పెట్టింది. “ఈ నీళ్ళ కడవ పిల్లోడు ఎవురప్పా?”

నేను చిన్నప్పటినుంచి చెప్పిన అబద్ధాలన్నీ వరసలో నిలబెడితే ఆదోనిలో తలకాయ, ఎమ్మిగనూరులో తోక ఉంటుంది. వాటిలో ఒక్కటి కూడా ఆ పొద్దు నాకు సాయం రాలేదు.

“నేనే అక్కా,” అన్నాను.

“తెలుసు.”

“తెలిసే పిలిపిచ్చినావా?”

“పాట విన్న రోజే తెలుసు. నువ్వు సెప్తావేమో అని సూసినా. నువ్వు కౌతాళం పోతివి.”

తల ఎత్తలేకపోయినాను. లోపల గదిలో అశ్విని గిన్నెలు సర్దుతాంది. చప్పుడు చేయకుండా సర్దుతాంది, వినడానికి.

“ఎందుకు సెప్పినావు ఈరా? నామీద కోపమా?”

“కోపమేంది అక్కా. మొదట చిలకమ్మ అనే పాడినా. ఒట్టు. ఆ పిల్లోడు విని, బాగుంది తాతా అని సెల్లు చూసుకున్నాడు. వాని మొహంలో ఏమీ లేదు. ఉత్త గోడ. నేను చెప్తుంటే మనుషుల మొహాలు వెలగాల. అదొక్కటే నాకున్న చెడ్డ అలవాటు. ‘ఇందులో నిజం మనిషి ఎవరూ లేరా తాతా’ అన్నాడు. ఉంది అన్నా. నాగమ్మ అన్నా. వెలిగింది అక్కా మొహం. దీపం పెట్టినట్టు.”

“కండువా దులిపినావా?”

నేను ఇంకో బుడ్డ చిదిమినాను.

“దులిపినావా, లేదా?”

“ఉగ్గాని తిని చేతులు తుడుచుకున్నా దానితో.”

నాగమ్మక్క మూతి ఒక పక్కకు పోయింది. నవ్వొచ్చిందనుకున్నా. నవ్వు కాదు. “హోటలుకు గట్టు యాడుంటాదిలే,” అనింది. “మొన్న రేషను కాడ నిలబడితే, నన్ను ఎరగని పిల్లోళ్ళు నా కర్ర సప్పుడుకు పాట పాడినారు. వాళ్ళకు పాటలో ఉండేది నేనని తెలీదు. ముసిలోళ్ళను సూసి పాడినారు, అంతే. రేపు తెలిసిందనుకో, ఇంకేముంది. అశ్విని ఆదోని కాలేజీకి పోతాది. ఈ నాగమ్మ మీ అవ్వేనా అని దాన్ని ఒకరు అడిగినారంట. కాదు అని సెప్పొచ్చింది. అది వచ్చి నాకు సెప్పి ఏడిసింది, కాదు అన్నందుకు.”

గిన్నెల చప్పుడు ఆగింది.

నాకు అప్పుడు ఒక ఎగతాళి మాట నోటిదాకా వచ్చింది. ఎప్పుడూ వస్తుంది. మింగినాను.

“సరే. పేరు పోతే పోయింది,” అనింది నాగమ్మక్క. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. “సాలు ఎనకబడినానని పాడితే పాడనీ. ఎనకబడేదాన్నే. దానికి ఆయన మంచం ఎత్తుకోని పోలేదు. రెండో చరణానికి పోయినాడు. మన పాటలో రెండో చరణం యాడుంది?”

లేదు. మా పాటలో రెండో చరణమే లేదు. ఆ రెండు మాటలే తిప్పి తిప్పి పాడేది. రెండో చరణం ఇది, మీకందరికీ నోటికి వచ్చిందే, పెళ్ళిళ్ళలో ఈల వేసేది దీనికే:

పత్తిబండి ఎక్కినావు, ఆదోని పోయినావు
పచ్చగాజులేసుకోని పొద్దుగూకి వచ్చినావు

“యాబై ఏండ్లకు పైగా కాపురం సేసినాం,” అనింది. “నన్ను ఒక్క మాట అడగలేదు ఆయన ఎప్పుడూ. ఇప్పుడూ అడగలేదు. మంచం తీసుకోని పోయినాడు, అంతే. అడిగితే బాగుండు. ఎవురన్నా ఆయన కాడికి పోయి, ఆ బండి మాట ఉత్తదేనని సెప్తే ఇంటికి వస్తాడు. నేను సెప్తే నమ్మడు. పాట కట్టినోడే సెప్పాల. బండి ఎవురెక్కిచ్చినారు నన్ను?”

ఇది కూడా నేనే అని మీకు తెలుసు. ఆ పిల్లోడి మొహం ఒకసారి వెలిగినాక ఆరిపోతుందేమోనని భయమేసింది నాకు. ‘ఇంకేం జరిగింది తాతా, ఆ నాగమ్మకు?’ అన్నాడు. ఏం జరిగిందో నాకేం తెలుసు. నాకు గుర్తున్నది ఒక్కటే. నాగమ్మక్క పేరు పాటలో పడిన మరుసటి పొద్దున ఆమె చేనికి వచ్చినప్పుడు రెండు చేతులకూ కొత్త పచ్చగాజులు ఉండినాయి. పత్తికాయ తీస్తుంటే అవి గలగలమనేవి. కొత్తకోడలు ఆ ఏడు, జయరాజన్న కౌతాళం దిక్కు కాలువ పనికి పోయి వారం పది దినాలైంది. ఉరుకుంద జాతరలో అక్క కొనిచ్చిందని ఆడోళ్ళకు చెప్పింది. నీళ్ళిచ్చేటప్పుడు నేను ఆ గాజులకేసి చూస్తా కడవ ఒంపేసినాను, మా అమ్మ నెత్తిన ఒకటి మొట్టింది. ఆ మొట్టికాయవల్లే గుర్తుండిపోయినాయి. హోటల్లో కూచోని, గాజులు వచ్చినాయంటే ఎక్కడినుంచో రావాలి కదా అని, ఒక పత్తిబండి తెచ్చి ఆమెను ఎక్కించి ఆదోనికి తోలినాను. ఉగ్గాని చల్లారేలోపల అయిపోయింది పని.

“నేనే అక్కా,” అన్నాను. “బండి నేను కల్పించినా. అట్లాంటిది ఏమీ లేదు. నేను చూళ్ళేదు, నాకు ఎవురూ చెప్పలేదు. నా నోటి తీట. ఇప్పుడే పోయి జయరాజన్న కాళ్ళ మీద పడి చెప్తా. చర్చి కాడ అందరి ముందర చెప్పమన్నా చెప్తా. దినేష్‌కు ఫోను చేసి తీసేయమంటా.”

చెప్పేసినాక ఒళ్ళు తేలికైంది. కొడుతుందేమో, కొట్టనీ అనుకున్నా. ఆమె తలమీద కొంగు జారి ఉంది, నెత్తి పత్తిలాగ తెల్లగా ఉంది. నేను ఎదురుచూసినది ఆమె మొహంలో తేలిక. అది రాలేదు.

ఆమె చేతులు ఆగిపోయినాయి. చిదిమిన బుడ్డ చిదిమినట్టే ఉంది వేళ్ళ నడుమ, గింజలు రాలలేదు.

“నువ్వు సూళ్ళేదా?” అనింది.

“ఏంది అక్కా సూసేది?”

“నేను ఎక్కంగ.”

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నేను తెలివైనవాణ్ణని ఇన్ని వారాలుగా మీకు చెప్పుకుంటా వచ్చినాను, అదీ కొట్టేయండి.

“నువ్వు కడవ తీసుకోని బాయి దిక్కు పోతాంటివి,” అనింది నాగమ్మక్క, గొంతు బాగా తగ్గించి, అశ్వినికి వినపడకుండా. “ఎనక్కి తిరిగి సూసినావనుకున్నా. ఇన్నేండ్లూ నువ్వు సూసి కూడా ఎవురికీ సెప్పలేదనుకున్నా. ఈరడు నోరు జారేటోడే గానీ నా ఒక్క సంగతి దాసిపెట్టినాడు, మంచోడు అనుకుంటా ఉంటి. మీ ఇంటికి పండగ పండగకు ఓళిగలు ఎందుకు పంపిచ్చినాననుకున్నావు?”

ఆ ఓళిగలన్నీ, అదే బొబ్బట్లన్నీ, నేను తిన్నాను. నా కతలు బాగుంటాయని పంపుతాందనుకోని తిన్నాను.

అప్పుడు నాకు, ఎప్పుడూ తలుచుకోనిది, ఒకటి కండ్లముందర నిలబడింది. నాగమ్మక్క పేరు పాటలో పడిన ఆ సాయంత్రం గట్టు మీద అందరూ నిలబడినారు. రామమ్మ కొంగు దులిపింది. పేరు దింపింది. ఆ పేరుగల మనిషి మాత్రం ఆ వరసలో లేదు. ఎండకు తట్టుకోలేక ముందే ఇంటికి పోయుంటుందని మా అమ్మ అనింది.

“ఎవరి బండి అక్కా? ఎందుకు ఎక్కినావు?”

“అది నీకు సెప్పేది కాదు. ఆయనకు సెప్పాల్సింది. సెప్పలేక ఇన్నేండ్లు అన్నం పెట్టినా.” గింజలు గంపలో వేసింది. “నువ్వు మంచోడివి కాదు ఈరా. ఉత్త నోటితీటగానివి. కానీ యాడనో పెట్టి కొట్టినావు సూడు, సరిగ్గా తగిలింది.”

నా జన్మలో మొదటిసారి నిజం చెప్పడానికి లేచినాను, అది లేచి నిలబడేసరికి అబద్ధమై కూచుంది. ‘బండి నేను కల్పించినా’ అనే మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ మాట పోయి జయరాజన్నకు చెప్తే మాత్రం నేను ఒక ముసలాయన్ని మోసం చేసినట్టు. చెప్పకపోతే ఆయన మంచం చర్చి వసారాలోనే. ఏది చేయమంటావు అని నాగమ్మక్కను అడుగుదామని నోరు తెరిచినాను.

“అవ్వా,” అని అశ్విని బయటికి వచ్చింది. “తాత వస్తాండాడు. ఇట్లే వస్తాండాడు.”

జయరాజన్న ఎండలో తలకు తువ్వాలు చుట్టుకోని వచ్చినాడు. ఆయన నిటారు మనిషి, ఈ వయసులో కూడా. గడప కాడికి వచ్చి ఆగినాడు. లోపలికి రాలేదు. ఆయన ఇంటి గడప అది, ఆయన చేత్తో వేసింది. పరాయివాళ్ళ ఇంటి ముందర నిలబడినట్టు నిలబడినాడు. నాగమ్మక్క లేవలేదు, తలెత్తలేదు. బుడ్డలు చిటుకు చిటుకుమంటా ఉండినాయి.

“ఈరప్పా,” అన్నాడు. “నువ్వు ఈడికి వచ్చినావని సెప్పినారు. ఆ పాట నువ్విచ్చినావంట. పొద్దున ఎమ్మిగనూరు పోతే బస్టాండు హోటలాయన సెప్పినాడు.”

“అవునన్నా.”

“రెండో చరణం?”

“నేనే కట్టినా అన్నా.”

“నువ్వు పుట్టినకాన్నుంచి నీ నోట్లోంచి ఒక నిజం వచ్చిందని నేను వినలేదు. దానికి నిన్ను ఎవురూ తప్పు పట్టలేదు, నవ్వుకున్నాం. ఈ ఒక్కటి సెప్పు. దేవుడు విని ఉండేట్టు సెప్పు. ఆ బండి నిజమా?”

చిటుకు చిటుకు ఆగింది.

నాగమ్మక్క నాకేసి చూడలేదు. చెప్పమనీ కాదు, వద్దనీ కాదు. గంప అంచు పట్టుకోని ఉండింది, అంతే. అశ్విని తలుపుకు ఆనుకోని నిలబడింది. ఆ పిల్లకు అంతా తేలిక, నేను అబద్ధం కట్టినానని చెప్తే వాళ్ళ తాత మంచం ఇంటికొస్తుంది. దాని మొహం అప్పుడే వెలగడం మొదలుపెట్టింది. మనుషుల మొహాలు వెలగడం నాకు ఎంత ఇష్టమో మీకు చెప్పినాను. ఆ పొద్దు మాత్రం దాన్ని చూడలేక నేలకేసి చూసినాను. నా మోకాటి కాడ ఆ ఒంటిగింజ బుడ్డ అట్లే ఉంది.

“బండి నేను కల్పించినానన్నా,” అన్నాను. “నేను చూళ్ళేదు. నాకు ఎవురూ చెప్పలేదు. ఒక పిల్లోణ్ణి మురిపించడానికి కల్పించినా.”

జయరాజన్న నన్ను తేరిపార చూసినాడు. తరవాత తలమీద తువ్వాలు విప్పినాడు, చెమట తుడుచుకున్నాడు. చెప్పులు విడిచి ఒక కాలు గడప లోపల పెట్టినాడు. అశ్విని మంచం తేవడానికి ఇంక పరిగెత్తబోయేదే.

రెండో కాలు బయటే ఉండిపోయింది.

“బండి కల్పించినావు, సరే,” అన్నాడు. నన్ను కాదు చూస్తాండేది, నాగమ్మక్క చేతులను. ఆ చేతులకు ఇప్పుడు గాజుల్లేవు. “మరి పచ్చగాజులు? అవి నీకు ఎట్లా తెలుసు?”

ఆయనకు నేను ఏం చెప్పినానో తరవాత. చదివే మీకు మాత్రం ఇప్పుడే, దాచకుండా, కండువా దులిపి చెప్తున్నాను. ఆ చరణంలో బండి ఒక్కటే నేను కల్పించింది. గాజులు కాదు.